వరసలో తిరిగే విమానాలు

మొన్న మా మేనల్లుడు ఢిల్లీ నుంచి వస్తుంటే, విమానం ఎక్కడుందో అక్కా నేనూ ఫోన్లో చూస్తూ కూర్చున్నాం. ఊరి దాకా వచ్చి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. "దిగకుండా ఏంట్రా ఆ తిరుగుడు!" అని అక్క కంగారు. నాకూ ఒళ్లు మండింది. నాదో పాత గొడవ ఉంది: బస్టాండులోనైనా, ఆస్పత్రిలోనైనా కారణం చెప్పకుండా మనిషిని నిలబెడితే నేను ఊరుకోను.

ఆ చుట్లు చూస్తుంటే టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టు గుర్తొచ్చింది. 2024 జనవరి 2, సాయంత్రం 5.47. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్లాల్సిన చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు పోయారు. ఆ మంటలు టీవీల్లో అందరం చూశాం. అప్పటికి దిగడానికి పైన వరసలో ఉన్నవాళ్ల సంగతేమిటి?

రన్‌వే మూతపడగానే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ చూపు నేలకు అతి దగ్గరగా ఉన్న విమానం మీద పడుతుంది. "గో అరౌండ్!" చక్రాలు దించేసిన పైలట్ ఇంజిన్లకు పూర్తి బలమిచ్చి మళ్లీ పైకి లేపుతారు. వెనకవాటిని వెయ్యేసి అడుగుల ఎడంతో ఒకదానిపై ఒకటి తిప్పుతారు. ఇంకా బయల్దేరనివాటిని ఉన్నచోటే ఆపేస్తారు. ఇక ఇంధనం లెక్క. మరో ఎయిర్‌పోర్టుకు చేరేంత, ఆపైన 30 నిమిషాలు తిరిగేంత ప్రతి విమానంలోనూ ఉండాలి. ఆ చివరి అరగంట ఇంధనానికి గండిపడేలా ఉంటే పైలట్ "మేడే ఫ్యూయల్" అంటారు. వరస మాట మరిచి ఆ విమానానికి దారిస్తారు.

హనేడాలో నాలుగు రన్‌వేలూ మూశారు. మిగతా మూడూ బాగానే ఉన్నాయిగా అనిపిస్తుంది. ఫైరింజన్లన్నీ ఒక్క మంట దగ్గరే ఉంటే, తర్వాత దిగే విమానానికి ఏమైనా అయితే ఆదుకునేదెవరు? అందుకే వచ్చేవాటిని నరీతాకూ, ఇతర ఎయిర్‌పోర్టులకూ మళ్లించారు.

పైలట్ వెంటనే మైకు పట్టుకుని మనకు చెప్పాలని రాద్దామనే కూర్చున్నాను. కానీ హనేడాలో ప్రమాదానికి ముందు కంట్రోలర్ కోస్ట్‌గార్డ్ విమానానికి "నంబర్ వన్" అన్నారు, టేకాఫ్ వరసలో మొదటిదని. రన్‌వే మీదికి అనుమతి దొరికిందనుకున్నాడు ఆ కెప్టెన్. ఒక్క మాట ఎక్కువై, అర్థం మారింది. అంత ఒడుపుగా మాట్లాడాల్సిన వేళ, పైలట్, కంట్రోలర్ల చెవులు ఒకరి కోసం ఒకరికి కావాలి. మనకు సమాధానం చెప్పడం తర్వాతి పని.

మేనల్లుడి విమానం మూడో చుట్టు తర్వాత దిగింది. పైన ఎంతసేపు తిప్పినా ఇక నాకు కోపం లేదు. దిగాక మాత్రం కారణం చెప్పి తీరాలి.