ముద్రయు, బాధయు: కౌమార విషాదముపై ఒక విమర్శ

గోపీచంద్ 1947లో వెలువరించిన నవలకు "అసమర్థుని జీవయాత్ర" అని పేరిడెను. తెలుగున మనోవైజ్ఞానిక నవలకు ఇదియే తొలిమెట్టని పలువురు విమర్శకులు భావింతురు. అందలి సీతారామారావు తన ఆలోచనలలో తానే చిక్కుకొని నశించును. నవలాకారుడు పెట్టిన పేరును మనము తీర్పుగా మార్చుకొంటిమి. ఇల్లు కదలని యువకుని, చదువుపై మనసు నిలుపలేని బాలుని అసమర్థుడనుట మనకు వాడుకయైనది. ఈ వాడుక ఎంతవరకు న్యాయమన్నదే ఇచ్చట విచారణీయము.

1969లో వెలువడిన "అంపశయ్య"లో నవీన్, రవి యను విశ్వవిద్యాలయ విద్యార్థి యొక్క ఒక్క దినమును చైతన్యస్రవంతి పద్ధతిని చిత్రించెను. లేమి, కోరిక, భవిష్యద్భయము, ఏ తలపు పుట్టినను అది తిరిగి తిరిగి తనయొద్దకే వచ్చును. గోపీచంద్ పెట్టిన పేరు మనిషిని తూచినది. నవీన్ పెట్టిన పేరు బాధను చూపినది. రవి రోగియని నిర్ణయించుట విమర్శకుని పని గాదు. కాని తన చుట్టు తానే తిరుగు ఈ తలపును నేటి మెదడు శాస్త్రము పరీక్షించుచున్నది.

బాహ్యకార్యము లేనప్పుడు మెదడున కొన్ని ప్రాంతములు కూడి పనిచేయుటను 2001లో మార్కస్ రైకిల్ బృందము వివరించినది. గతమును తలపోయుట, తన్ను గూర్చి తాను చింతించుట ఈ నాడీజాలపు పనులు. కార్యమునకు పూనించు జాలము వేరొకటి. దేనికి ప్రాధాన్యమీయవలెనో తేల్చునది మూడవది. ఈ మూడింటి పొందిక చెడుట మనోవ్యాధులకు మూలము కావచ్చునని 2011లో వినోద్ మేనన్ ప్రతిపాదించెను. ముందుమెదడు ఇంచుమించు ఇరువదియైదవ యేటి వరకు పరిపక్వమగుచునే యుండును. కావున కౌమారమున ఈ పొందిక ఇంకను కుదురుకొనుచుండును. 2024లో "నేచర్" పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారము, కుంగుబాటుగల వారిలో పెక్కుమందికి మూడవ జాలము మెదడు పైపొరలో దాదాపు రెండింతలు విస్తరించి యున్నది. కౌమారమున ఆ వ్యాధికి లోనైన పిల్లలలో, లక్షణములు పొడసూపక మునుపే ఈ విస్తృతి కానవచ్చినది.

ఐనను ఈ ఫలితములను తీర్పుగా గొనుటయు పొరపాటే. 2015 నాటి సమగ్ర విశ్లేషణ స్వచింతనా జాలమున బంధములు బిగిసినవని చెప్పగా, 2019లో చైనా రోగులపై జరిగిన పెద్ద పరిశోధన, వ్యాధి మరల మరల వచ్చినవారిలో అవి సడలినవని తేల్చినది. ఇవన్నియు సమూహములను గూర్చిన మాటలు. ఒక్క బాలుని మెదడు చిత్రము తీసి వ్యాధిని నిర్ణయించుటకు చాలవు. అసమర్థుడను ముద్రను చెరిపి, మెదడు చెడినవాడను ముద్ర వేసినచో సాధించినదేమి?

చంద్రపురమున మా పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ మాటలాడుదురు. మూడు భాషలు వచ్చియు, తన బాధ చెప్పుటకు ఏ భాషయు చాలని బాలుని నేనెరుగుదును. చురుకైన ఆ విద్యార్థి క్రమముగా మౌనియయ్యెను. అతని ప్రగతి పత్రమున నేను "శ్రద్ధ లేదు" అని వ్రాసితిని. కొన్ని నెలలకు, "రాత్రులు నిద్ర పట్టుట లేదు సార్, చదివినది నిలుచుట లేదు" అని తానే వచ్చి చెప్పెను. వైద్యుని యొద్దకు చేరునప్పటికి ఒక విద్యా సంవత్సరము గడచినది. నా రెండు మాటలు గోపీచంద్ పెట్టిన పేరు కంటె కఠినమైనవి. ఆయన తన నాయకుని మనసులోనికి పోయి చూచెను, నేను చూడలేదు.

ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ 14416 సంఖ్యకు తెలుగున, మరాఠీలోను మాటలాడవచ్చును. తల్లిదండ్రులు ఈ సంఖ్యను గుర్తుంచుకొందురు గాక. ఉపాధ్యాయులము మాత్రము పిల్లవాని పేరు ప్రక్క ఒక మాట వ్రాయుటకు ముందు, రాత్రి నిద్రపోయితివా యని అతని నడుగవలెను.