విప్పలేని బూటు

ఈ వారం కాలమిస్టుకు చిర్రెత్తించినది దినపత్రికలో మడిచిపెట్టి వచ్చిన ఒక కరపత్రం. మడమ నొప్పికి ఒకే ఒక్క ఇంజక్షనట. మందు మీ రక్తంలోంచి తీసిందేనట. ముందు వచ్చినవాళ్లకు డిస్కౌంటట. సూది పడితే తప్ప వైద్యం జరిగినట్టు ఒప్పుకోని మన జనం మీద ఈ శీర్షికలో విసుక్కోవడం కొత్తేమీ కాదు. పాత పాఠకులు ఈ పేరా దాటేసినా నష్టం లేదు.

ఆ మందు పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, పొట్టిగా పీఆర్‌పీ. రోగి రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని నొప్పి ఉన్నచోట ఎక్కిస్తారు. మడమకు పైన, పిక్క కింద తాడులా తగిలే అకిలిస్ టెండన్ నొప్పికి దీన్ని బ్రిటన్‌లో 240 మంది మీద పరీక్షించి, 2021లో 'జామా' పత్రికలో ఫలితం అచ్చువేశారు. ఒక జట్టుకు అసలు ఇంజక్షన్, ఇంకో జట్టుకు చర్మం కిందికే తప్ప టెండన్ దాకా పోని ఉత్త సూది. ఆరు నెలలకు నూటికి ఇన్నని మార్కులు వేస్తే అసలు మందు జట్టుకు 54.4, ఉత్త సూది జట్టుకు 53.4. అరికాలి వైపు వచ్చే మడమ శూలకు మాత్రం పీఆర్‌పీ స్టెరాయిడ్ కన్నా నయమని చూపిన పరీక్షలు లేకపోలేదు. అయినా కరపత్రం చెప్పినంత భాగ్యం ఎక్కడా కనిపించదు.

కాలమిస్టు బావగారికి ఉన్నది ఆ మడమ శూలే. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు దిగినట్టుంటుందంటారు. ఆయనకు డెన్మార్క్ పద్ధతి చెప్పడం జరిగింది. మెట్టు అంచున నిలబడాలి. తువ్వాలు చుట్టి కాలివేళ్ల కింద పెట్టుకోవాలి. మూడు సెకన్లలో మడమ పైకి లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించాలి. అలవాటయ్యాక వీపున సంచీ తగిలించుకుని అందులో పుస్తకాలు పెంచుకుంటూ పోవాలి.

"రోజు విడిచి రోజు చేస్తే చాలు బావగారూ."

"చాలులే. ఆ పుస్తకాలు చదివితే తగ్గదా?"

ఈ పద్ధతిని రాత్‌లెఫ్ బృందం 48 మంది మీద పరీక్షించి 2015లో ప్రచురించింది. పాదాన్ని లాగి సాగదీసే మామూలు వ్యాయామం చేసినవాళ్ల కన్నా వీళ్లకు మూడు నెలల్లో బాగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఇద్దరూ ఒకటే. ఆ తర్వాత డెన్మార్క్‌లోనే 180 మందితో చేసిన ఇంకో పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. కొందరికి సలహా, మడమ కింద మెత్త. కొందరికి వాటికి తోడు వ్యాయామం. మిగిలినవాళ్లకు వ్యాయామంతో పాటు స్టెరాయిడ్ సూది కూడా. వ్యాయామం ఒక్కటే చేర్చితే ఒరిగిందేమీ లేదు. సూది కూడా చేరినప్పుడు కాస్త మెరుగు కనిపించింది గానీ, రోగికి తెలిసేంత కాదు. మందు రోగి చేతిలోనే ఉందని ఏళ్లుగా వాదిస్తున్న కాలమిస్టుకు ఇది అంతగా రుచించే కబురు కాదు. అయినా పట్టికలో ఉన్నది ఉంది. మడమ మెత్త మీదికే ఓటు పోతుంది.

మెత్త అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది ఎంసీఆర్ చెప్పు. షుగరున్న ప్రతి ఇంట్లోనూ ఒక జత ఉంటుంది, నల్లగానో నీలంగానో. మైక్రోసెల్యులార్ రబ్బరుతో చేసే ఆ చెప్పు మన దగ్గర కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి వచ్చిందని కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. ఆ కథలో పెద్ద పేరు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టి, లండన్‌లో సర్జరీ చదివి, 1946లో వేలూరు సీఎంసీలో చేరాడు. కుష్ఠు వస్తే కండ దానంతటదే కుళ్లి రాలుతుందని అప్పట్లో లోకం నమ్మేది. బ్రాండ్ రోగుల వెంటపడి చూశాడు. కండలో దోషం లేదు. స్పర్శ పోయింది, అంతే. రాయి గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా పాదం మొర పెట్టుకోదు. మనిషి అదే చోట మోపుకుంటూ నడుస్తాడు, పుండు లోతవుతుంది.

ఒకసారి ఓడ దిగి రైలెక్కి లండన్ చేరిన రాత్రి సాక్సు విప్పుతుంటే ఆయనకు తన మడమలో స్పర్శ తెలియలేదు. సూది తీసి గుచ్చుకున్నాడు. నొప్పి లేదు. రోగులతో ఇన్నేళ్లు గడిపినవాడికి ఆ రాత్రి ఏమి నిద్ర పడుతుంది! తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే ప్రాణం లేచొచ్చేంత నొప్పి. రైల్లో కదలకుండా కూర్చోవడం వల్ల నరం నొక్కుకుపోయిందంతే. నొప్పి కలిగినందుకు ఆయనంత సంతోషపడ్డవాళ్లు అరుదు.

ఆ పుళ్లకు బ్రాండ్ వాడినది పాదం ఆకారానికి అంటుకునేలా వేసే పిండికట్టు. దాన్ని కనిపెట్టింది ఆయన కాదు గానీ, 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక అది షుగరు రోగుల పాదాలకూ పాకింది. బరువు ఒక్కచోట పడకుండా పాదమంతా, పిక్క దాకా పంచుకుంటుంది. 2001లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 63 మంది షుగరు రోగుల మీద పోల్చి చూసింది. పన్నెండు వారాల్లో పిండికట్టు వేసినవాళ్లలో 89.5 శాతం మందికి పుండు మానింది. విప్పుకోగల ప్లాస్టిక్ బూటు వాళ్లలో 65 శాతానికే.

బూటు కూడా ఒత్తిడిని ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. మరి తేడా ఎందుకు? జవాబు 2003లో దొరికింది. మనిషి నడుముకొక అడుగుల మీటరు, బూటుకొకటి కట్టి లెక్క చూస్తే, రోజంతా వేసిన అడుగుల్లో బూటుతో వేసినవి 28 శాతమే. 2005లో అదే బూటుకు విప్పడానికి వీల్లేకుండా అతుక్కునే బ్యాండేజీ చుట్టేశారు. 50 మందిలో చుట్టినవాళ్లకు 82.8 శాతం, చుట్టనివాళ్లకు 51.9 శాతం మానింది. మందు మారలేదు, బూటు మారలేదు. విప్పే వీలు పోయింది.

రోగి చేతిలో పెట్టండి అనే వాదన ఇక్కడ చిత్తుగా ఓడింది, ఒప్పుకోక తప్పదు. అందుకు రోగిని తిట్టి లాభం లేదు. నొప్పే లేని పుండుకు బరువైన బూటు ఎందుకు వేసుకోవాలో ఒంటికి తెలియదు. అమెరికాలోనే అలా ఉంటే, గుమ్మం బయటే చెప్పులు విడిచే మన ఇళ్లలో, దేవుడి గదిలో, వంటింట్లో ఆ 28 ఎంతకు దిగుతుందో! ఎంసీఆర్ జత గుమ్మం బయట శ్రద్ధగా కాపలా కాస్తుంటే, లోపల స్పర్శ లేని పాదం గచ్చు మీద తిరుగుతుంటుంది.

పాదానికి రక్తం సరిగా అందకపోయినా, చీము బాగా పట్టినా ఇలా కట్టేయకూడదు. అది డాక్టరు చూసి తేల్చాల్సిన సంగతి. మిగతావాళ్లకు, పాదం ముందు, నడిమి భాగాల్లో స్పర్శ పోయి వచ్చిన పుండ్లకు, మోకాలి దాకా ఉండి విప్పలేనిదే మొదటి ఎంపిక అని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలూ అంటున్నాయి. పిండికట్టుకు చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. బూటుకు బ్యాండేజీ చుట్టడం నర్సమ్మకు నేర్పితే సరిపోతుంది. అయితే వారం వారం విప్పి, పుండు చూసి, మళ్లీ చుట్టాలి. ఆ పని మండల కేంద్రంలో జరగకపోతే కూలి పోగొట్టుకుని బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి ఎన్ని వారాలు వస్తారు?