కేటలాగు రికార్డులో తెలుగు గ్రంథం: మార్క్ వ్యవస్థపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గ్రంథాలయాలు పుస్తకాల వివరాలను పరస్పరం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే మార్క్ రికార్డును కేవలం సాంకేతిక పత్రంగా చూడటం పరిపాటి. అయితే గ్రంథకర్త ఎవరు, రచన అనువాదమా కాదా, చేతిలో ఉన్నది కొత్త కూర్పా పునర్ముద్రణా అన్న ప్రశ్నలకు ఆ రికార్డు సమాధానం చెబుతుంది. అందువల్ల అది సాహిత్య నిర్ణయం కూడా. ఆంధ్రమహాభారతం, తిరుపతి వేంకట కవులు, కన్యాశుల్కం ఉదాహరణలుగా ఆ నిర్ణయాల స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లోపంలో వ్యవస్థ వాటా ఎంత, దాన్ని వాడినవారి వాటా ఎంత అన్నది ఇందులో ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: మార్క్, సూచీకరణ, లిప్యంతరీకరణ, కర్తృత్వం, కూర్పు, ముద్రణ, తెలుగు పరిశోధన.

1. ఉపోద్ఘాతం

పరిశోధకుడు ఒక విషయాన్ని ఎన్నుకోగానే చేసే మొదటి పని కేటలాగులో వెతకడం. అక్కడ దొరికినది ఆకరం అవుతుంది. దొరకనిది చాలాసార్లు ‘లేనిది’గా సిద్ధాంతగ్రంథంలోకి ఎక్కుతుంది. ‘ఈ అంశంపై ఇంతవరకు గ్రంథాలు రాలేదు’ అన్న వాక్యం వెనుక ఎన్ని విఫలమైన శోధనలు ఉన్నాయో పరీక్షించే పద్ధతి తెలుగు శాఖల్లో ఇంకా స్థిరపడలేదు. పాఠపరిష్కరణలో ప్రతుల యోగ్యతను ప్రశ్నించే శిక్షణ పొందినవారు కూడా కేటలాగు రికార్డును ప్రశ్నించకుండా స్వీకరిస్తారు. నిజానికి అదీ ఒక పాఠమే. దానికీ లేఖకుడు ఉన్నాడు, ప్రతులు ఉన్నాయి, లేఖక దోషాలూ ఉన్నాయి.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియట్ ఆవ్రమ్ నాయకత్వంలో 1960లలో మార్క్ రూపొందింది. 1966లో మొదలైన ప్రయోగదశలో 16 గ్రంథాలయాలు పాల్గొన్నాయి. కార్డు మీద ఉండే వివరాన్ని యంత్రం చదవగలిగేలా చేయడం, ఒకచోట తయారైన రికార్డును అయస్కాంత టేపు మీద మరొకచోటికి పంపడం దాని ఉద్దేశాలు. ఆ నిర్మాణమే 1973లో ఐఎస్ఓ 2709 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. అమెరికా, కెనడా రూపాలను సమన్వయించి 1999లో మార్క్ 21ను వెలువరించారు. 24 అక్షరాల శీర్షం, ఏ వివరం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచిక, ఆపై సంఖ్యలతో గుర్తించిన ఫీల్డులు దాని అంగాలు. 100లో కర్త, 245లో గ్రంథనామం, 250లో కూర్పు, 700లో తక్కిన కర్తలు ఉంటారు. తెలుగు పాఠకుడికి ఈ అంకెలు కనబడవు. శోధన ఫలితాన్ని నిర్ణయించేవి మాత్రం అవే.

2. లిపి

తొలి మార్క్ వ్యవస్థలో వాడిన అక్షరసంకేత పట్టికల్లో రోమన్‌తోపాటు గ్రీకు, సిరిలిక్, హీబ్రూ, అరబిక్, తూర్పు ఆసియా లిపులు క్రమంగా చేరాయి. భారతీయ లిపులకు చోటు దక్కలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి రూపంలోనే ఉన్నా, గ్రంథాలయ రికార్డుల్లోకి అది ఆలస్యంగా ప్రవేశించింది. ఫలితంగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసిన తెలుగు రికార్డులు దశాబ్దాలపాటు రోమన్ లిపిలోనే వెలువడ్డాయి. అక్షరం కింద చుక్క, అచ్చుపైన గీత వంటి గుర్తులతో కూడిన ఆ లిప్యంతరీకరణ పట్టిక శాస్త్రీయమైనదే. హ్రస్వదీర్ఘాలను, తవర్గ టవర్గాలను అది స్పష్టంగా వేరు చేస్తుంది.

చిక్కు శోధనలో వస్తుంది. అనేక శోధన వ్యవస్థలు ఆ గుర్తులను లెక్కించవు. గుర్తులు పోతే కల, కళ, కాల, కాళ అన్నీ ఒకే నాలుగు రోమన్ అక్షరాలవుతాయి. పట, పాట, పాత అన్న మూడింటికీ తేడా మిగలదు. పాటల మీద పనిచేసే పరిశోధకుడికి పాత కథలూ పటచిత్రాలూ కలిసి ఎదురవుతాయి. ఇక డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో అసలు గుర్తులే లేకుండా, ఎవరికి తోచిన ఇంగ్లీషు వర్ణక్రమంలో వారు నమోదు చేసిన తెలుగు గ్రంథనామాల సంగతి ఆ పుటలు తిరగేసిన ప్రతి పరిశోధకుడికీ తెలుసు. పుస్తకం అక్కడ ఉండేది, దాని పేరుతో వెతికితే దొరికేది కాదు.

దీనికి మార్క్‌ను మాత్రమే నిందించడం న్యాయం కాదు. రోమన్ వివరానికి జంటగా అదే వివరాన్ని మూలలిపిలో ఇవ్వడానికి 880 ఫీల్డు ఉంది. రికార్డంతా మూలలిపిలోనే రాసే పద్ధతినీ మార్క్ 21 అనుమతిస్తుంది. ఒక చిన్న సాంకేతిక అవరోధం మాత్రం నిజమే. ‘తెలుగు’ అన్న మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, నిల్వలో 18 బైట్లు. రోమన్‌లో అదే మాటకు ఆరు బైట్లు చాలు. రికార్డు సూచిక బైట్లను లెక్కించాలి. అక్షరాలను లెక్కించే సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే ఫీల్డుల సరిహద్దులు తప్పి రికార్డు ఛిద్రమవుతుంది. ఇది సరిదిద్దుకోగల దోషం. తెలుగు చోటు ఖాళీగా ఉండటానికి అది కారణం కాజాలదు.

3. అనువాదమా, కావ్యమా?

ఆంధ్రమహాభారతం విషయంలో కేటలాగు తీసుకునే నిర్ణయం లిపి సమస్య కంటే లోతైనది. దీర్ఘకాలం అమల్లో ఉన్న ఆంగ్లో-అమెరికన్ సూత్రాల ప్రకారం అనువాదానికి మూలరచన శీర్షికతో ప్రధాన ప్రవేశం ఇవ్వాలి. అనుసరణకైతే అనుసరించిన రచయిత పేరుతో ఇవ్వాలి. అంటే భారతాన్ని అనువాదంగా తలచిన సూచీకర్త దాన్ని ‘మహాభారతం, తెలుగు’ అన్న ఏకరూప శీర్షిక కింద చేరుస్తాడు. నన్నయ పేరు అదనపు ఫీల్డులోకి వెళుతుంది. అనుసరణగా తలిస్తే నన్నయ 100 ఫీల్డులో గ్రంథకర్తగా నిలుస్తాడు. భాషను తెలిపే 041 ఫీల్డులో మొదటి సూచిక మరీ కరుకైనది. అనువాదం కాకపోతే సున్న, అయితే ఒకటి.

నన్నయ కథాకథనం, తిక్కన నాటకీయత మూలానికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్న చర్చకు తెలుగు విమర్శలో సుదీర్ఘ చరిత్ర ఉంది. స్వతంత్రానువాదం, అనుసృజన, పునఃసృష్టి వంటి పారిభాషికపదాలు ఆ చర్చలోనివే. ఆ చర్చ సాగిస్తున్నవారికి తెలియకుండానే, సున్నకూ ఒకటికీ మధ్య ఎవరో ఎంచుకున్నారు. ఆ సూచికను ఖాళీగా వదిలే వీలుంది. ‘దీనికి అనుసరణ’ అన్న సంబంధాన్ని మాటల్లో చెప్పే ఉపఫీల్డూ ఉంది. సందేహాన్ని సందేహంగా నమోదు చేయగల ఈ అవకాశాలు వాడుకలో అరుదు. సూచీకర్తకు సమయం తక్కువ, అంకె వేయడం సులువు.

అనుసరణగా అంగీకరించినా మరో చిక్కు ఉంది. 100 ఫీల్డు ఒక్కసారి మాత్రమే రాగలదు. పదకొండో శతాబ్దపు నన్నయ, పదమూడో శతాబ్దపు తిక్కన, పద్నాలుగో శతాబ్దపు ఎర్రన కలిసిన గ్రంథంలో ఆ స్థానం మొదట పేరున్నవారిది. పద్దెనిమిది పర్వాల్లో పదిహేను తిక్కనవి. అయినా సంపూర్ణభారతం రికార్డులో ఆయన 700 ఫీల్డులో ఉంటాడు. పూర్వసూత్రాలలో కర్తలు ముగ్గురిని మించితే ఎవరికీ ప్రధాన ప్రవేశం ఉండేది కాదు. కవిత్రయం సరిగ్గా ముగ్గురే కావడం వారి అదృష్టం.

4. ఇంటిపేరు, జంటపేరు

100 ఫీల్డు సూచిక పేరును రెండు ప్రధాన రకాలుగా చూస్తుంది. సొంతపేరుతో మొదలయ్యేది సున్న, ఇంటిపేరుతో మొదలయ్యేది ఒకటి. పాశ్చాత్యనామంలో చివర ఉండే ఇంటిపేరును ముందుకు తెచ్చినందుకు గుర్తుగా కామా పెడతారు. తెలుగు పేరులో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది. తారుమారు చేసినది ఏదీ లేకున్నా కామా పడుతుంది. ఇంగ్లీషు అలవాటుతో చివరి మాటను ఇంటిపేరుగా భ్రమించిన చోట విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ’గా, గురజాడ అప్పారావు ‘అప్పారావు’గా వర్ణక్రమంలో చేరతారు. రెండు రూపాలూ చెలామణిలో ఉంటే ఒక రచయిత ఇద్దరవుతాడు.

కొన్ని పేర్ల వెనుక జీవితచరిత్ర ఉంది. చలం పుట్టింది కొమ్మూరివారింట, దత్తతతో గుడిపాటి వెంకటాచలం అయ్యాడు, పుస్తకాలపై చలంగా నిలిచాడు. తొలి రచనలపై ‘ముప్పాళ్ళ రంగనాయకమ్మ’ అని ఉన్న పేరు తరువాత ‘రంగనాయకమ్మ’గా మిగిలింది. రచయిత్రి వదిలిన ఇంటిపేరును కేటలాగు తిరిగి అంటగట్టడం కేవలం క్రమబద్ధీకరణ కాదు. ప్రామాణిక నామాల ఫైలులో ఒక రూపాన్ని స్వీకరించి, తక్కినవాటిని దానికి దారిచూపే రూపాలుగా చేర్చే పద్ధతి ఉంది. ఏ రూపాన్ని స్వీకరించాలన్నది మాత్రం సాహిత్యచరిత్ర తెలిసినవారు చెప్పవలసిన మాట.

తిరుపతి వేంకట కవులది ఇంకా ఆసక్తికరమైన సందర్భం. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో మరణించిన తరువాత కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటపేరును వదలలేదు. పద్యం ఎవరిదని అడగడమే ఆ జంట విషయంలో అనౌచిత్యం. ఇద్దరిలో ఒకరిని 100లో, రెండోవారిని 700లో పెట్టిన రికార్డు జంటకవిత్వమనే సంప్రదాయాన్నే తుంచేస్తుంది. ఉమ్మడి కలంపేరుకు ప్రధాన ప్రవేశం ఇచ్చే వెసులుబాటు పాతసూత్రాల్లోనే ఉంది. జంటపేరు కలంపేరు కాకపోయినా, ఆ దారి ఈ సంప్రదాయానికి కొంతవరకు నప్పుతుంది.

5. కూర్పు, ముద్రణ, సంవత్సరం

రికార్డులను కలబోసే ఉమ్మడి కేటలాగులు ఒకే గ్రంథానికి వచ్చిన నకళ్ళను యంత్రంతో ఏరివేస్తాయి. కర్త, శీర్షిక, కూర్పు, సంవత్సరం సరిపోలితే రెండు రికార్డులు ఒకటవుతాయి. కన్యాశుల్కం 1897 నాటి తొలికూర్పుకూ 1909 నాటి మలికూర్పుకూ మధ్య ఉన్నది అచ్చుతప్పుల సవరణ కాదు. గురజాడ నాటకాన్ని విస్తరించి తిరగరాశారు. ఆ రెంటినీ వేరుగా నిలబెట్టేవి 250లో ఒక మాట, సంవత్సరపు నాలుగు అంకెలు. ఆధునిక పునర్ముద్రణ ఏ కూర్పుకు ప్రతి అన్నది రికార్డులో లేకపోతే, పుస్తకం తెరిచేదాకా తెలియదు.

తెలుగు ప్రచురణకర్తల అలవాటు ఇక్కడ చిక్కును పెంచుతుంది. పాఠం మారితే కూర్పు, మారకపోతే ముద్రణ అన్న విచక్షణ పుస్తకం వెనుకపుటలో తరచుగా కనబడదు. ప్రచురణసంస్థ మారగానే పాత నవల మీద ‘ప్రథమ ముద్రణ’ అని పడుతుంది. ఉన్నది ఉన్నట్లు దించడం సూచీకర్త ధర్మం. దాంతో రికార్డులో నలభై ఏళ్ల నాటి నవల సరికొత్తదవుతుంది. దశాబ్దాలవారీగా నవలల సంఖ్య లెక్కించే పరిశోధనలో అది ఎక్కడ తేలుతుందో ఊహించవచ్చు.

పాతపుస్తకాల్లో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉన్నచోట నాలుగంకెల గడి మరీ ఇరుకు. ‘ప్రభవ’ 1867లోనూ 1927లోనూ ఉగాదితో మొదలైంది. కాగితం, అక్షరాల పోత, ముద్రాపకుని పేరు చూసి అరవై ఏళ్ల తేడాను తేల్చినా, ఉగాదికి ముందు జనవరి నుంచి మార్చి దాకా ఉన్న నెలలు మరుసటి ఇంగ్లీషు సంవత్సరంలోకి వస్తాయి. సందేహాస్పద సంవత్సరాలకు మార్క్‌లో ‘క్యూ’ అనే సంకేతం, రెండు తేదీలకు చోటు ఉన్నాయి. వాటిని వాడటానికి ఆ కాలపు తెలుగు ముద్రణ తెలిసిన కన్ను కావాలి.

6. వినిమయపు దిశ

ఇచ్చిపుచ్చుకోవడం అన్న మాటలో రెండు క్రియలు ఉన్నాయి. తెలుగు రికార్డుల విషయంలో మొదటిది బలహీనం. పీఎల్ 480 పథకం కింద 1962 నుంచి తెలుగు పుస్తకాలు అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరాయి. అదే ఏడు ఢిల్లీలో నెలకొన్న లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం వాటికి రికార్డులు తయారుచేసింది. ఆ శ్రమ లేకపోతే విదేశాల్లో తెలుగు అధ్యయనం ఇంత సాగేది కాదు. అయితే ఆ పథకం ప్రధానంగా అప్పటి కొత్త ప్రచురణలది. అంతకు ముందరి సంపద బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాలకు బార్నెట్ కూర్చిన 1912 నాటి ముద్రిత కేటలాగు వంటి చోట్ల, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయోద్యమ కాలపు సంస్థల అలమారుల్లో ఉంది. భారత జాతీయ గ్రంథసూచి సైతం తెలుగు పుస్తకాలను రోమన్‌లోనే నమోదు చేస్తూ వచ్చింది.

ఈనాడు కోహా, సోల్ వంటి సాఫ్ట్‌వేర్‌లు యూనికోడ్‌నూ మార్క్ 21నూ స్వీకరిస్తాయి. కళాశాల గ్రంథాలయంలో కూర్చుని బయటి రికార్డును క్షణంలో దించుకోవచ్చు. దించుకున్న దాంట్లో 880ని నింపి, 041ని పరీక్షించి, సవరించినదాన్ని వెనక్కి పంపే ఏర్పాటు ఉందా అన్నది అసలు ప్రశ్న. మార్క్ స్థానంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012 నుంచి రూపొందిస్తున్న బిబ్‌ఫ్రేమ్ రచనను, దాని ప్రతిరూపాన్ని, చేతిలోని ప్రతిని వేరువేరుగా చూస్తుంది. కన్యాశుల్కానికి అది అనుకూలం. కాని పాత రికార్డుల్లో లేని వివరాన్ని కొత్త నిర్మాణం పుట్టించలేదు.

ఆ వివరం ఎక్కడో లేకపోలేదు. ఒక రచయితపై వెలువడిన సిద్ధాంతగ్రంథం చివర అనుబంధంలో తొలిముద్రణ సంవత్సరాలు, పత్రికలో ధారావాహికగా వచ్చిన తేదీలు, మారిన శీర్షికలు, కలంపేర్లు పట్టికగా ఉంటాయి. పరిశోధకుడు ఊళ్ళు తిరిగి, పుస్తకాలు చేత్తో పట్టుకుని చూసి రాసుకున్నవి అవి. శోధగంగలో చేరిన గ్రంథాలకు కర్త, శీర్షిక, మార్గదర్శకుని పేరు వంటి వివరాలే నమోదవుతాయి. అనుబంధంలోని పట్టిక పీడీఎఫ్ పుటల్లో ఉండిపోతుంది. అందులోని ఒక్క వరుస కూడా 250 ఫీల్డుకు చేరదు.