ఎవరి చేతి వడిసెల?

చేలో వడిసెల ఉండేది పిట్టలను తోలడానికి. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద నిలబడి, పేనిన తాడు నడుమ రాయి పెట్టి, ఒక కొస వేలికి తగిలించుకుని, గిరగిరా తిప్పి రెండో కొస వదిలేస్తారు. రాయి చేను మీదుగా దూసుకుపోతుంది, పిట్టలు లేచిపోతాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అదే వడిసెల దొరల గూండాల మీదికి తిరిగింది. ఆడవాళ్ల చేతుల్లో రోకలీ, కారప్పొడీ అదే పని చేశాయి. 1946 జూలై 4న కడివెండిలో పోరాటకారుడు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన తుపాకీ దొర పక్షానిది. ఊరి చేతిలో ఉన్నవి పనిముట్లే.

వారం వారం రాసే పనిలో 'ఆయుధం' అనే మాట చాలా తేలికగా కలంలోకి వచ్చేస్తుంది. చదువు ఆయుధం, ఓటు ఆయుధం, పాట ఆయుధం. ఇంకో వాడుకా బాగా పెరిగింది: చట్టాన్ని ఆయుధం చేశారు, దర్యాప్తును ఆయుధం చేశారు, నీళ్లను, చివరికి పుకారును కూడా. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. వడిసెల విసిరినవాడికి వేరే దిక్కు లేదు. చట్టం చేతిలో ఉన్నవాడు మాత్రం జనాన్ని కాపాడమని ఇచ్చినదాన్నే జనం మీదికి తిప్పుతాడు. 1929లో నిజాం ప్రభుత్వం తెచ్చిన గస్తీ నిషాన్ 53 చూడండి. ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టకూడదన్న ఒక్క కాగితం. దాంతోనే ఊళ్ల నోళ్లు కట్టేయాలని చూశారు.

మా మడికొండలో పెరిగిన కవి కాళోజీ నారాయణరావు జైలుకు పోయివచ్చిన మనిషి. అయినా తన కవిత్వానికి పెట్టుకున్న పేరు ఆయుధం కాదు, 'నా గొడవ'. సినిమాల్లో రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టిన తెలంగాణ మాటకు ఆయన తలెత్తుకునే బలమిచ్చారు. ఆ బలం పొరుగు తెలుగు మాట్లాడేవాళ్ల గొంతు నొక్కడానికి కాదు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదికల మీద 'భాషే మన ఆయుధం' అని గట్టిగా అనేవాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఏదైనా ఆయుధమైందని రాసేటప్పుడు దాన్ని పట్టుకున్నది ఎవరో, దానికి ఎదురుగా నిలబడింది ఎవరో ఆ వాక్యంలోనే చెప్పండి.