ముద్దుతిట్టు: తెలుగు సాహిత్యంలో చనువు, దాని హద్దులు

ఉపోద్ఘాతం

మనవణ్ణి అమ్మమ్మ 'భడవా' అంటుంది. చాలాకాలానికి కలిసిన బాల్యమిత్రుడు 'ఏరా వెధవా, బతికే ఉన్నావా' అని పలకరిస్తాడు. అల్లరి పిల్లవాడు ఇంటిల్లిపాదికీ 'పిడుగు'. విడిగా తీసి చూస్తే ఈ మాటల్లో ఒక్కటీ ప్రేమవాచకం కాదు. అయినా అదే అమ్మమ్మ ఒకనాడు 'తమరు' అని మర్యాదగా సంబోధిస్తే, ఆమెకు కోపం వచ్చిందని మనవడు వెంటనే గ్రహిస్తాడు. మర్యాద దూరాన్నీ, తిట్టు దగ్గరితనాన్నీ సూచించే ఈ వ్యవహారం తెలుగు సంభాషణలో అతి సహజం.

సాహిత్య విమర్శ ఇటువంటి మాటలను సాధారణంగా నుడికారం, హాస్యపోషణ అనే శీర్షికల కింద నమోదు చేస్తుంది. ఆ మాట అనే హక్కు ఎవరిది, పడినవారికి తిరిగి అనే వీలుందా, అది చెవిన పడిన మూడో వ్యక్తి పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నలకు ఆ శీర్షికల్లో చోటు తక్కువ. బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ, రామదాసు కీర్తన, వియ్యాలవారి పాటలు, కన్యాశుల్కం, బుడుగు అనే అయిదు సందర్భాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నలను పరిశీలిస్తుంది. ముద్దుతిట్టులోని ప్రేమ మాటలో గాక, అన్నవారు స్వీకరించే బాధ్యతలో ఉంటుందనీ, ఆ ప్రేమ కోసం వాడుకున్న పదాల భారం మాత్రం తరచు మూడో వ్యక్తి మీద పడుతుందనీ ఇందలి ప్రతిపాదన.

వ్యాజస్తుతికి వెలుపల

అలంకారశాస్త్రంలో ఈ విషయానికి దగ్గరగా వచ్చేది వ్యాజస్తుతి. నిందలా కనిపిస్తూ స్తుతిలో గాని, స్తుతిలా కనిపిస్తూ నిందలో గాని పర్యవసించే ఉక్తిని ఆలంకారికులు ఆ పేరుతో వ్యవహరించారు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం వంటి నిందాస్తుతి రచనలకు ఈ లక్షణం చక్కగా అన్వయిస్తుంది. అక్కడ శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎత్తిపొడిచే మాటల చాటున ఆయన అవతారకథలూ మహిమలూ ఉంటాయి. పాఠకుడు వాటిని గుర్తించడంతో నింద స్తుతిగా పరిణమిస్తుంది.

అమ్మమ్మ అన్న 'భడవా' అనే మాట ఆ విధంగా పరిణమించదు. దానిలో దాగిన ప్రశంస ఏదీ లేదు. తిట్టు తిట్టుగానే ఉంటుంది; ఆ అర్థం తనకు వర్తించదని అన్నవారికీ పడినవారికీ ముందే తెలిసి ఉండడమే దాన్ని ముద్దుగా మారుస్తుంది. కాబట్టి ముద్దుతిట్టును శబ్దార్థగతమైన అలంకారంగా గాక, ఇద్దరు మనుషుల మధ్య నడిచే వ్యవహారంగా పరిశీలించవలసి ఉంటుంది.

అమంగళం చాటున ఆప్యాయత

ఇంట్లో ముద్దుగా వాడే తిట్ల పుట్టుకను గమనిస్తే వాటిలో చాలావాటికి ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. 'వెధవ' అన్నది సంస్కృత 'విధవా' శబ్దభవం. 'ముండ' అన్న మాట మూలంలో ముండితశిరస్కను, అంటే పూర్వాచారం ప్రకారం భర్త పోయాక తల తీయించిన స్త్రీని సూచిస్తుంది. 'పీనుగ' శవం. 'సన్నాసి' సంసారాన్ని విడిచినవాడు. 'శనిగ్రహం', 'తద్దినం' అన్న ఎత్తిపొడుపులు కూడా ఈ కోవలోనివే. శుభకార్యంలో నోట రాకూడదని పెద్దలు నిషేధించిన మాటలే పసివాళ్ళ మీద ప్రేమగా కురవడానికి కారణం ఏమిటి?

దిష్టిపేర్ల ఆచారం ఒక సమాధానాన్ని సూచిస్తుంది. పుట్టిన బిడ్డలు వరసగా పోతున్న ఇంట, తరవాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసుకొని పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు. పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరాకులో, దొర్లించిన బిడ్డ పుల్లయ్య. తవుడుకు అమ్మి తిరిగి తెచ్చుకొన్న బిడ్డ తవిటయ్య. ఎవరికీ అక్కరలేని వస్తువు పేరు పెడితే మృత్యువు కూడా ఆ బిడ్డను కోరదని తల్లిదండ్రుల ఆశ. ఆ పేరు బిడ్డను హీనపరచడం లేదు. బిడ్డ ఎంత ప్రియమైనదో పైకి తెలియకుండా దాచిపెడుతోంది. బుగ్గన పెట్టిన నల్లచుక్క చేసే పనినే అమ్మమ్మ నోటి తిట్టు కూడా చేస్తుంది.

ఈ ఆచారంలోనే ఒక చిక్కు కూడా ఉంది. పేరు పెట్టిన కారణం ఎరిగిన తల్లిదండ్రులు ఉన్నంతకాలం అది రక్షగా ఉంటుంది. బిడ్డ ఇల్లు దాటి బడి హాజరుపట్టీలోకి చేరాక, కథ తెలియని తోటిపిల్లలకు పెంటయ్య అన్నది నవ్వదగిన పేరు మాత్రమే. ప్రేమ ఇంట్లోనే ఉండిపోయి, మాట ఒక్కటే వీధిలోకి వస్తుంది. ముద్దుతిట్టు సమస్య అంతా సంగ్రహంగా ఇక్కడే ఉంది.

తల్లి తిట్టు, సేవకుడి తిట్టు

దక్షుడు శివుణ్ణి నిందించడానికి వాడిన సామగ్రి ప్రసిద్ధం. శ్మశానవాసం, బూడిద పూత, దిగంబరత్వం, భూతప్రేతాల సహవాసం అతని ఆరోపణలు. పదమూడో శతాబ్దపు బసవపురాణంలో పాల్కురికి సోమనాథుడు చెప్పిన బెజ్జమహాదేవి కథలో దాదాపు ఈ సామగ్రే తిరిగి కనిపిస్తుంది. శివుడికి తల్లి లేదన్న సంగతి ఆ భక్తురాలికి తట్టి మనసు కలచివేస్తుంది. తల్లి ఉంటే విషం తాగనిచ్చేదా, పాములు మెడలో వేసుకోనిచ్చేదా, ఒళ్ళంతా బూడిద పూసుకొని తిరగనిచ్చేదా అని వాపోతుంది. ఆ లోటు తీర్చడానికి తానే తల్లి అయి ఆయనను పసిబిడ్డలా సాకుతుంది.

దక్షుడూ బెజ్జమహాదేవీ పట్టిన తప్పుల్లో పెద్ద తేడా లేదు. తప్పు పట్టాక ఎవరు ఏం చేశారన్నదే తేడా. దక్షుడు ఆ తప్పుల పేరుతో అల్లుణ్ణి యజ్ఞానికి దూరం పెట్టాడు. ఆమె అవే తప్పుల పేరుతో ఆయనను ఒడిలోకి తీసుకొంది. చనువు అన్న మాటకు విమర్శలో ఒక నిర్దిష్టమైన అర్థం ఇవ్వదలిస్తే ఈ కథ దారి చూపుతుంది: తప్పు పట్టడంతో పాటు పట్టినవారి బాగోగులు తన మీద వేసుకోవడం చనువు.

పదిహేడో శతాబ్దపు రామదాసు సందర్భం దీనికి భిన్నం. గోలకొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న, తాను చేయించిన నగలన్నిటినీ లెక్క చెప్పి, ఎవరి సొమ్మని ఇంత కులుకు అని రాముణ్ణి నిలదీస్తాడు. కీర్తన చివరికి వచ్చేసరికి దెబ్బలకు తాళలేక అన్న మాటలుగా భావించి మన్నించమని వేడుకొంటాడు. బెజ్జమహాదేవి క్షమాపణ చెప్పుకోలేదు. తల్లి వరుస కలుపుకొన్నవారికి ఆ అవసరం రాదు. దాసుడి వరుసలో ఉన్నవాడు ఎంత ఆర్తితో తిట్టినా ఆ మాటకు వెల చెల్లించవలసిందే. ఇద్దరి భక్తిలో హెచ్చుతగ్గులు లేవు. తిట్టే స్వేచ్ఛను నిర్ణయించినది వారు ఎంచుకొన్న వరుస.

వరుస ఇచ్చే అనుమతి

మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ప్రచురించిన వ్యాసంలో పరిహాస బంధుత్వాన్ని వివరించాడు. ఒకరు మరొకరిని ఎగతాళి చేయడానికి ఆచారమే అనుమతించి, రెండోవారు నొచ్చుకోకూడదని కూడా ఆచారమే విధించే బంధుత్వం అది. ఇరువురూ పరస్పరం ఎగతాళి చేసుకొనే రూపాన్నీ, ఒకరు అంటుంటే మరొకరు పడవలసిన రూపాన్నీ ఆయన వేరుచేసి చూపాడు. తెలుగు సమాజంలో బావ-బావమరది, బావ-మరదలు, వదిన-మరదలు వరుసల మధ్య నడిచే సరసం మొదటి రూపానికి ఉదాహరణ. మేనరికం ఆచారంగా ఉన్న సమాజంలో ఆ సరసానికి భావిబంధుత్వపు ఛాయ కూడా తోడవుతుంది.

పెళ్ళి భోజనాల వేళ స్త్రీలు పాడే వియ్యాలవారి పాటల్లో ఈ అనుమతి పూర్తిగా వినిపిస్తుంది. అవతలివారి తిండి, రూపం, పిసినారితనం అన్నీ ఆ పాటల్లో బాహాటంగా ఎగతాళికి గురవుతాయి. ఇటు పాటకు అటు పాట జవాబుగా రావడంతో ఇరుపక్షాలకూ సమానత్వం ఏర్పడుతుంది. కాని ఆ సమానత్వం పందిరి కిందనే. అప్పగింతలయ్యాక అత్తవారింట అడుగుపెట్టిన కోడలికి ఆ ఎత్తిపొడుపులే దెప్పుళ్ళుగా ఎదురవుతాయి. అక్కడ ఆమె తరఫున జవాబుపాట అందుకొనేవారు ఉండరు. పరిహాసమూ దెప్పుడూ ఒకే మాటలతో సాగవచ్చు. తిరిగి అనే హక్కు ఉందా లేదా అన్నదే వాటిని వేరుచేసే గీత.

కన్యాశుల్కం: చెవిన పడినవారు

1897లో తొలిసారి, 1909లో సమగ్రంగా మార్చి ప్రచురించిన కన్యాశుల్కంలో తిట్ల సమృద్ధిని విమర్శకులు సజీవభాషకు నిదర్శనంగా మెచ్చుకొన్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే 'వెధవ', 'ముండ' వంటి మాటలు అలవోకగా దొర్లే ఆ నాటకలోకంలో బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ అనే ముగ్గురు విధవాస్త్రీలు ఉన్నారన్న సంగతిని దానితో కలిపి చదవాలి. ఇతరులకు ఊతపదమైన మాట వారికి స్థితివాచకం.

వాడుకలో అర్థం అరిగిపోయిందనీ, 'వెధవ' అన్నవారి మనసులో ఏ స్త్రీ మెదలదనీ దీనికి సమాధానం చెప్పవచ్చు. భాషాశాస్త్ర దృష్టితో అది నిజమే. కాని అర్థం అరిగిపోయేది ఆ స్థితిలో లేనివారికి. బుచ్చమ్మను ముసలివరుడికి అమ్మి విధవగా మిగిల్చినవాడు ఆమె తండ్రి అగ్నిహోత్రావధాన్లు. అదే తండ్రి మాటమాటకూ తిట్లతో చెలరేగే ఇంట్లో ఆమె మౌనంగా తిరుగుతూంటుంది. ఆ ఇంట్లో ఈ జాతి తిట్టు ఎవరిని ఉద్దేశించి పలికినా, అది తాకడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఒకరున్నారు. విధవా సమస్యను ఉపన్యాసాల్లో చర్చించిన ఆనాటి సమాజం దాన్ని తిట్లలో యథాతథంగా నిలుపుకొన్న వైనాన్ని గురజాడ సంభాషణలు నమోదు చేశాయి.

ఈ నాటకమే మరో కోణాన్ని కూడా చూపిస్తుంది. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని గిరీశం షేక్స్పియర్ అని సంబోధిస్తాడు. పేరు గొప్పది, వినడానికి ప్రేమ ఉట్టిపడుతుంది. అయితే ఆ పిలుపు వెనక శిష్యుడి చదువు పట్ల బాధ్యత ఏమీ లేదు. సెలవులకు అతని ఇంట చేరి తలదాచుకోవాలన్న ఎత్తుగడ ఉంది. అమ్మమ్మ తిట్టు ప్రేమను దాచితే గిరీశం ముద్దుపేరు ప్రయోజనాన్ని దాచింది. పిలుపు మంచిదా చెడ్డదా అని పదాన్ని బట్టి నిర్ణయించలేమనడానికి ఇంతకన్న బలమైన ఉదాహరణ అరుదు.

బుడుగు: పేరు పెట్టే పిల్లవాడు

పిల్లలకు పెద్దలు పేర్లు పెడతారు. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగులో పిల్లవాడే లోకానికి పేర్లు పెట్టాడు. శ్రీకాళహస్తి అమ్మవారి పేరైన జ్ఞానప్రసూనాంబ అతని నోట 'సీగాన పెసూనాంబ' అయింది. బాబాయి మనసు పడిన పిల్ల 'రెండు జెళ్ళ సీత'. పొరుగింటాయన 'పక్కింటి లావుపాటి పిన్నిగారి ముగుడు'. స్త్రీని ఫలానావారి భార్యగా గుర్తించే వాడుకను ఈ చివరి పేరు తిరగవేసి, మగవాణ్ణి భార్య ద్వారా గుర్తించింది.

ఇంతవరకు చర్చించిన పదజాలంతో పోలిస్తే ఈ పేర్లలో విధవా లేదు, పీనుగా లేదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పడం, నోరు తిరగక పేరును విరవడం వల్లనే హాస్యం పుట్టింది. పరాయివారి దుఃఖాన్ని అరువు తెచ్చుకోకుండా కూడా తెలుగులో చనువు పలకగలదని ఈ రచన నిరూపించింది. అయినా 'లావుపాటి' అన్న విశేషణం పూర్తిగా నిరపాయం కాదు. ఆ పిన్నిగారి చెవితో వింటే దానికీ ఒక బరువు ఉంది. చెప్పినవాడు పసివాడు కావడం ఆ బరువును తగ్గించింది గాని తీసివేయలేదు.

ముగింపు

పై పరిశీలన నుంచి ముద్దుతిట్టు విమర్శకు మూడు ప్రమాణాలు లభిస్తాయి. అన్నవారు పడినవారి క్షేమానికి బాధ్యులై ఉన్నారా అన్నది మొదటిది. బెజ్జమహాదేవిని దక్షుడి నుంచి, అమ్మమ్మను గిరీశం నుంచి వేరుచేసేది ఇదే. పడినవారికి తిరిగి అనే హక్కు ఉందా అన్నది రెండవది. పందిట్లోని పరిహాసాన్ని అత్తింటి దెప్పుడు నుంచి ఇది విడదీస్తుంది. ఆ మాటకు అసలు అర్థమైన మనిషి వింటూ ఉన్నారా అన్నది మూడవది; కన్యాశుల్కం పాఠకుల ముందుంచే ప్రశ్న ఇది.

మొదటి రెండు ప్రమాణాలకూ నిలిచిన ఆప్యాయత సైతం మూడవదాని దగ్గర తడబడవచ్చు. అమ్మమ్మకూ మనవడికీ మధ్య ఆ మాట నిష్కల్మషమే; వంటింటి గడప దగ్గర కూర్చున్న విధవరాలైన మేనత్తకు అది వేరుగా వినిపిస్తుంది. పాత్రోచిత భాషను అంచనా కట్టేటప్పుడు పలికిన పాత్రతో పాటు, ఆ సమయంలో రంగం మీద మాట్లాడకుండా ఉన్న పాత్రను కూడా లెక్కలోకి తీసుకొన్నప్పుడే నుడికారం గురించిన చర్చ సమగ్రమవుతుంది.