వెళ్లొచ్చిందనడానికి రుజువేది?

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్, మైకేల్ కాలిన్స్ 1969 జూలైలో అపోలో 11లో చంద్రుడి దారి పట్టేముందు ఇంట్లోవాళ్ల కోసం ఏర్పాటు చేసిన ఆస్తుల్లో తపాలా కవర్ల కట్టలు కూడా ఉన్నాయి. అలాంటి ప్రయాణానికి సరిపడా జీవిత బీమా తీసుకోవాలంటే ప్రీమియం తలకు మించిన భారం. ముగ్గురివీ ప్రభుత్వ జీతాలే. అందుకని బయటివాళ్లకు దూరంగా ఉంచిన రోజుల్లో కూర్చుని వందల కవర్ల మీద సంతకాలు చేశారు. రాకెట్ లేచే జూలై 16న కొన్నిటికి, చంద్రుడి మీద దిగే జూలై 20న మరికొన్నిటికి నమ్మకమైన మిత్రుడొకరు తపాలా ముద్ర వేయించి ఇళ్లకు చేర్చాలి. తాము తిరిగి రాకపోతే భార్యాబిడ్డలు వాటిని అమ్ముకుని బతుకుతారన్నది లెక్క. అపోలో 16 దాకా ఈ పద్ధతి నడిచింది. సేకరించేవాళ్లు ఇన్సూరెన్స్ కవర్లనేది వీటినే.

ఇవి భూమిని వదిలి గజం ఎత్తు కూడా ఎగరలేదు. అయినా వేలంలో వేల డాలర్లు పలుకుతాయి. సంతకం, ముద్ర మీది తేదీ, ఊరి పేరు, వ్యోమగామి ఇంటివాళ్లు రాసిచ్చిన ఉత్తరం, ఈ నాలుగూ ఒకే మాట చెబుతాయి గనుక. అపోలో జ్ఞాపికలు సేకరించడమంటే నా దృష్టిలో వస్తువుల్ని పోగేయడం కాదు, సాక్ష్యాల్ని పోగేయడం.

ఈ లోకంలో వస్తువుల అంతస్తు దూరాన్ని బట్టి ఉంటుంది. నేల మీదే ఉండిపోయినవి అన్నిటికన్నా కింద. చంద్రుడి చుట్టూ కక్ష్యలో తిరిగొచ్చినవి ఆ పైన. చంద్రుడి నేల మీదికి దిగినవి ఇంకా పైన. వాటిలోనూ ల్యాండర్ లోపలే ఉన్నవాటికన్నా బయటి ధూళి సోకినవి శిఖరం. అపోలో 15లో డేవిడ్ స్కాట్‌కు నాసా ఇచ్చిన ఒమేగా గడియారం అద్దం ఊడిపోతే, మూడోసారి బయటికి నడిచినప్పుడు తన సొంత బులోవా కట్టుకున్నాడు. ఒమేగాలు ప్రభుత్వానివి, అమ్మడానికి లేదు. సొంతది కాబట్టి ఆ బులోవా 2015లో 16 లక్షల డాలర్లకు పైగా పలికింది.

దూరం సరే, సంతకం సంగతి? అసలు చిక్కంతా అక్కడే. అడిగినవాళ్లందరికీ సంతకం చేసే తీరిక వ్యోమగాములకు ఉండేది కాదు. ఆటోపెన్ అనే యంత్రం ఒక అచ్చు వెంట కలాన్ని నడిపి, అచ్చం వాళ్లలాగే సంతకం చేసిపెట్టేది. దాన్ని పట్టుకునే ఉపాయం మాత్రం తేలిక. మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. రెండు సంతకాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు ఎత్తి చూస్తే గీత గీతకూ అతికినట్టు సరిపోయాయా, అయితే రెండూ యంత్రానివే. భూతద్దం కింద ఇంకో గుర్తు కనిపిస్తుంది. మనిషి చేయి కదులుతూనే కాగితం మీద వాలుతుంది, కదులుతూనే లేస్తుంది. అందుకే గీత మొదలూ చివరా సన్నబడతాయి. యంత్రం కలాన్ని తిన్నగా దించి తిన్నగా ఎత్తుతుంది, ఆ రెండు చోట్లా చిన్న చుక్క పడుతుంది. సిరా మందం మొదటినుంచి చివరిదాకా ఒక్కతీరుగా ఉంటుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1990ల మధ్యలో సంతకాలు ఇవ్వడం దాదాపు మానేశాడు. ధరలు పెరిగాయి, నకిలీలూ పెరిగాయి. నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ‘ఫలానా వారికి శుభాకాంక్షలతో’ అని ఉన్న ఫోటో కన్నా ఉత్త సంతకం ఉన్నదానికే ఎక్కువ ధర. నాలుగు మాటలు రాస్తే నకిలీ చేయడం కష్టం, పైగా అది ఎవరి చేతికి వెళ్లిందో తెలుస్తుంది. అయినా కొనేవాళ్లకు అవతలివాడి పేరు అడ్డం.

ఫోటోలకూ పరీక్షలున్నాయి. ఆనాటి నాసా రంగుల ప్రింట్లలో చాలావాటికి తెల్ల అంచు మీద ఎర్రసిరాతో నంబరు, వెనక కోడాక్ కాగితం ముద్ర కనిపిస్తాయి. ఇక బొమ్మలోని మనిషి. హెల్మెట్ అద్దంలో ల్యాండర్ ప్రతిబింబంతో నిలబడ్డ ఆ ప్రసిద్ధ వ్యోమగామి ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు, ఆల్డ్రిన్. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉంది. అద్దంలో చిన్నగా కనిపించే తెల్లని ఆకారమే ఆయన.

రుజువు విలువ ఎంతో ఒక సంచి చెబుతుంది. అపోలో 11లో మొట్టమొదట ఎత్తిన చంద్రుడి మట్టిని పెట్టి తెచ్చిన తెల్లటి సంచి అది. జాబితాలో పొరపాటు పడి, ప్రభుత్వం జప్తు చేసిన సొత్తుల వేలంలో 2015లో 995 డాలర్లకు పోయింది. కొన్నావిడ ఊరుకోకుండా నాసా ప్రయోగశాలకు పరీక్షకు పంపింది. చంద్రుడి ధూళి ఉందని తేలింది. తేలగానే నాసా తిరిగి ఇవ్వనంది. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. 2017 జూలై 20న సోథబీస్ వేలంలో అదే సంచి 18 లక్షల డాలర్లు పలికింది. మధ్యలో సంచి మారలేదు, దాని గురించి తెలిసింది మారింది.

ఆశకు పోయి అప్రదిష్ట పాలైనవాళ్లూ ఉన్నారు. 1971లో అపోలో 15 సిబ్బంది దాదాపు 400 కవర్లను అనుమతి లేకుండా చంద్రుడి దాకా తీసుకెళ్లారు. వాటిలో వంద ఒక జర్మన్ స్టాంపుల వ్యాపారి చేతికి చేరి అమ్ముడయ్యాయి. గుట్టు బయటపడి ముగ్గురికీ మందలింపు పడింది, మళ్లీ అంతరిక్షానికి వెళ్లే దారి మూసుకుపోయింది. తీరా 1983లో తపాలా శాఖతో కలిసి నాసాయే స్పేస్ షటిల్‌లో రెండున్నర లక్షలకు పైగా కవర్లు పంపి అమ్మకానికి పెట్టింది. అపోలో 15 సిబ్బంది నుంచి అప్పట్లో స్వాధీనం చేసుకున్న కవర్లను ప్రభుత్వం ఆ ఏడే వాళ్లకు తిరిగిచ్చేసింది. వ్యోమగాములు దాచుకున్న పరికరాలు, చెక్‌లిస్టులు ఎవరివన్న తగవు మాత్రం 2012లో చట్టం చేస్తేగానీ తీరలేదు. అపోలో తెచ్చిన 382 కిలోల రాళ్లూ మట్టీ ఆ చట్టంలోకి రావు, అవి ఇప్పటికీ ఏ వ్యోమగామి సొంతమూ కావు.

ఈ వ్యాపకంలో నేను ఒప్పుకోలేనిది కత్తెర. చెక్‌లిస్టును పేజీలుగా విడదీసి, నౌకకు చుట్టిన బంగారు రంగు క్యాప్టన్ రేకును గోరంత ముక్కలు చేసి అట్టలకు అంటించి అమ్ముతారు. సామాన్యుడికి అందుబాటులోకి వస్తుందంటారు. నిజమే. కానీ వరుసగా ఉన్నప్పుడే చెక్‌లిస్టు మాట్లాడుతుంది. దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచింది ఎరిక్ జోన్స్ మొదలుపెట్టిన ‘అపోలో లూనార్ సర్ఫేస్ జర్నల్’. చంద్రుడి మీద మాట్లాడిన ప్రతి మాటనూ వరుసగా రాసి, వ్యోమగాములతోనే వివరణలు చెప్పించి, ఫోటోలను సమయం ప్రకారం పేర్చి అందరి ముందూ పెట్టింది. ఔత్సాహికులు ఎందరో దానికి తలా ఒక చెయ్యి వేశారు. కొనకుండా కూడా ఈ సేకరణలో పాలుపంచుకోవచ్చు.

మనకు అందేవీ ఉన్నాయి. 1969 నవంబరు 19న మన తపాలా శాఖ 20 పైసల చంద్రయాన స్టాంపు వేసింది. అంతకన్నా ఆసక్తికరమైనవి ఆ వారం తెలుగు దినపత్రికలు. ల్యాండర్ దిగింది మన లెక్కన జూలై 21 తెల్లవారుజామున 1.47కి, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది ఉదయం 8.26కి. కాబట్టి 21 పొద్దుటి పేపర్లో అడుగు పెట్టిన వార్త ఉండే వీల్లేదు, అది 22 నాటిది కావాలి. 21 నాటి పేపర్లోనూ రాత్రి పెందలాడే అచ్చయి జిల్లాలకు వెళ్లిన ప్రతిలో ఇంకా దిగబోతున్నట్టే ఉండొచ్చు, నగరం ప్రతిలో దిగినట్టు ఉండొచ్చు. చంద్రుడి నేల మీద తీసిన స్పష్టమైన ఫోటోలు 22న కూడా రావు. ఆ ఫిల్ము 24న నౌకతోపాటు పసిఫిక్‌లో దిగి, హ్యూస్టన్ చేరాకే కడిగారు. పైగా ఆ రోజుల్లో ఇక్కడి వార్తలకూ కొదవ లేదు. జూలై 20నే వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు. ముందురోజే బ్యాంకుల జాతీయీకరణ. తెలంగాణ ఉద్యమం రగులుతోంది. వీటి మధ్య మొదటి పేజీలో చంద్రుడికి ఎంత చోటు దక్కిందో చూడటం దానికదే ఒక చరిత్ర పాఠం.

అటక మీద అలాంటి పేపరు దొరికితే లామినేషన్ చేయించొద్దు, మొదటి పేజీ ఒక్కటే చించి ఫ్రేము కట్టించొద్దు. మొత్తం పేపర్ని చదునుగా, ఎండ తగలకుండా ఉంచండి. ఎవరింటికి వేయించుకున్నారో, ఏ ఊళ్లో, ఎవరు దాచారో ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి దాంతోపాటే పెట్టండి.