వేగం అడిగేది కట్టర్

ఆదోనిలో లేతు షెడ్డు నడిపేవాళ్లకు అన్నం పెట్టినవి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు. అరిగిన షాఫ్టుకు వెల్డింగు నింపి మళ్లీ టర్నింగు చేయడం, కీవే తీయడం, పుల్లీకి బోరు వేయడం, అన్నీ లావు పనులే. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగితే సరిపోయేది. ఇప్పుడు సన్నపని కూడా గుమ్మం తొక్కుతోంది. ఎమ్మిగనూరు నుంచి మగ్గాలకు చిన్న నైలాన్ ముక్కలు కావాలని వస్తారు. పోత పోసేవాళ్లు అల్యూమినియం ప్యాటర్న్ అడుగుతారు. గుడికి విరాళమిచ్చినవాళ్ల పేర్లు ఇత్తడి పలక మీద చెక్కిపెట్టమంటారు. తెలుగు అక్షరం చెక్కడం తేలికేం కాదు. తలకట్టు కింద, ఒత్తు లోపల మలుపు తిరగాలంటే కట్టర్ మిల్లీమీటరు మందానికి దిగాలి. నా చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషను స్పిండిల్ వేగం పెంచాలనుకున్నది ముందుగా ఆ అక్షరాల కోసమే.

ఎంత వేగం కావాలో కట్టర్ మందమే చెబుతుంది. కట్టర్ అంచు లోహాన్ని తాకుతూ నిమిషానికి ఎన్ని మీటర్లు పోతుందన్నదే అసలు లెక్క. కార్బైడ్ కట్టర్‌తో అల్యూమినియం కోసేటప్పుడు 200 మీటర్లు మంచి పరుగు. ఆ దూరాన్ని కట్టర్ చుట్టుకొలతతో భాగిస్తే చుట్లు తేలతాయి. 6 మిల్లీమీటర్ల కట్టర్‌కు 10,600, 3 మిల్లీమీటర్లకు 21,200, ఒక్క మిల్లీమీటరుకు 63,000 పైమాటే. నా మిషను కొన్నప్పుడు దాని గరిష్ఠ వేగం 2,500. సన్న కట్టర్ పంటికి ఒక్కో చుట్టులో 0.02 మిల్లీమీటరు మేత పెట్టామనుకోండి. రెండు పళ్ల కట్టర్ 2,500 చుట్ల మీద నిమిషానికి 100 మిల్లీమీటర్లు నడుస్తుంది. 10,000 చుట్ల మీద, పంటి మీద అదే భారంతో, 400 మిల్లీమీటర్లు నడుస్తుంది. వేగం పెంచకుండా ఆ నడక, అంటే ఫీడు, ఒక్కటే పెంచితే కట్టర్ విరుగుతుంది. భయపడి ఫీడు మరీ తగ్గిస్తే పన్ను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, మొద్దుబారుతుంది.

షెడ్డుకు వచ్చే ఐటీఐ కుర్రాళ్లు "అన్నా, మన మిషను ఎన్ని వేలకు పోతుంది?" అని అడుగుతుంటారు. "ఏం కోయాలప్పా? ఏ కట్టర్‌తో?" అని నేను తిరిగి అడుగుతాను. 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ కట్టర్‌తో మామూలు ఇనుము కోయాలంటే నిమిషానికి 30 మీటర్ల పరుగు చాలు, అంటే సుమారు 950 చుట్లు. అక్కడ 10,000 పెడితే కట్టర్ పళ్లు కాలిపోతాయి.

నిజానికి వేగం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. పత్తి మార్కెట్‌కు పేరుపడ్డ ఆదోనిలో నూలు మిల్లులు నడిచాయి. నూలు వడికే రింగ్ ఫ్రేములో స్పిండిళ్లు నిమిషానికి 15,000 నుంచి 20,000 చుట్ల దాకా తిరుగుతాయి. 1828లో అమెరికాలో జాన్ థార్ప్ పేటెంటు తీసుకున్న పద్ధతి అది. అక్కడ వేగానికి అడ్డుపడేది ట్రావెలర్ అనే చిన్న తీగముక్క. నూలు లాగుతుంటే అది రింగు మీద రాసుకుంటూ పరుగెడుతుంది. 38 మిల్లీమీటర్ల రింగు మీద 20,000 చుట్లంటే దాని పరుగు సెకనుకు దాదాపు 40 మీటర్లు. అంత చిన్న ఉక్కుముక్క రాపిడి వేడిని వదిలించుకోలేక కాలిపోతుంది. అందుకే ఇంకా వేగం కావాలనుకున్న మిల్లులు రింగు వ్యాసం తగ్గించుకున్నాయి. నాకు దారి చూపింది ఈ సంగతే. వేగం పెంచాలంటే, అందరికంటే ముందు వేడెక్కి చేతులెత్తేసే భాగమేదో పట్టుకోవాలి.

నా మిషనులో ఆ భాగం బేరింగు. మొదట ఉన్నవి టేపర్ రోలర్ బేరింగులు. లావు కోతకు గట్టిగా నిలబడతాయి. వేగం పెరిగితే మాత్రం రోలర్ల చివరలు అంచుకు రాసుకుని వేడెక్కుతాయి. వాటిని తీసేసి యాంగ్యులర్ కాంటాక్ట్ బాల్ బేరింగుల జత వేశాను. వీటిని బిగించడంలోనే పనితనమంతా ఉంది. వదులుగా ఉంటే కట్టర్ వణుకుతుంది. బిగువెక్కితే వేడి పుడుతుంది, వేడికి ఉక్కు వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది, ఆ బిగువు మళ్లీ వేడి పుట్టిస్తుంది. గ్రీజు సంగతీ అంతే. జిన్నింగు మిల్లు బేరింగులకు గ్రీజు దండిగా దట్టించడం మనకు అలవాటు. వేగంగా తిరిగేచోట ఎక్కువైన గ్రీజు చిలికి చిలికి తానే వేడెక్కుతుంది. లోపలి ఖాళీలో మూడో వంతు కూడా నింపకూడదు. కొత్త బేరింగులను తక్కువ వేగంలో తిప్పి, వేడి ఒకచోట నిలిచిందని చూసుకున్నాకే తర్వాతి మెట్టుకు పోవాలి. మన ఏప్రిల్ ఎండల్లో షెడ్డులో గాలే 40 డిగ్రీలుంటుంది. బేరింగు దానిమీద ఇంకో 30 డిగ్రీలు ఎక్కితే 70 అవుతుంది. ఆపైన ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది బేరింగుల వాళ్ల లెక్క. అందుకే నేను మే నెల మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకుని బిగించాను.

తర్వాతిది బ్యాలెన్సు. స్పిండిల్ కేంద్రానికి 20 మిల్లీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము ఎక్కువుంటే, 2,500 చుట్ల మీద అది 140 గ్రాముల బరువులా పక్కకు లాగుతుంది. 10,000 మీద ఆ లాగుడు రెండు కిలోలు దాటుతుంది. 24,000 మీద దాదాపు 13 కిలోలు. వేగం నాలుగింతలైతే లాగుడు పదహారింతలు. పుల్లీకి ఒకే పక్కనున్న గ్రబ్ స్క్రూ, గాడి నిండా పట్టని కీ, ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోనివి, ఇప్పుడు పలక మీద గీతలై కనిపిస్తాయి. గ్రబ్ స్క్రూకు ఎదురుగా రెండోది పెట్టాలి, కీని గాడి కొలతకు కోయాలి.

కట్టర్ పట్టే కోలెట్‌నూ నమ్మి వదిలేయకూడదు. డయల్ గేజు పెట్టి చేత్తో తిప్పితే ముల్లు 0.02 మిల్లీమీటరు కదిలిందంటే, రెండు పళ్లలో ఒకదానికి మేతే అందదు. రెండోది ఇద్దరి పనీ చేస్తుంది. కోలెట్, నట్టు తుడిచి బిగించడం చిన్న పనే, కానీ ఖరీదైన కట్టర్‌ను కాపాడేది అదే. మా ఊళ్లో గాలిలో దూది పీచు తేలుతుంటుంది. మోటారును నడిపే వీఎఫ్‌డీ ఫ్యానులో అది చిక్కుకుంటే గాలి ఆగి లోపల వేడి పెరుగుతుంది. ఫ్యాను జాలీ శుభ్రం చేయడం మా షెడ్డులో రోజూ పొద్దున జరగాల్సిన పని.

ఇవన్నీ చూసుకుని నేను 10,000 దగ్గర ఆగాను. వేగం ఊరికే రాదు. పుల్లీ మార్చి వేగం రెట్టింపు చేస్తే తిప్పే బలం సగమవుతుంది. 400 హెర్ట్జ్ మీద 24,000 చుట్లు తిరిగే 2.2 కిలోవాట్ల స్పిండిళ్లు దొరుకుతున్నాయి. వాటి తిప్పుడు బలం ఒక న్యూటన్ మీటరు కూడా ఉండదు. చెక్కుడు పనికి అవి దివ్యమైనవి. ఇనుములో లావు కోతకు, ట్యాపింగుకు పనికిరావు. నా షెడ్డులో రెండు రకాల పనీ ఉంది. ఇత్తడి అక్షరాలకు, 3 మిల్లీమీటర్ల కట్టర్‌తో అల్యూమినియానికి 10,000 చక్కగా పనిచేస్తోంది. పాత పుల్లీ జత పక్కనే ఉంది. లావు పని వస్తే బెల్టు మారుస్తాను.

సన్నపని అనగానే బెంగళూరుకో హైదరాబాదుకో పంపేయడం మనకు అలవాటైంది. స్పిండిళ్లను వేల చుట్ల మీద నిలకడగా తిప్పిన ఫిట్టర్లున్న ప్రాంతం మనది. ఆ అనుభవం ఉన్నవాళ్లు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. కుర్రాళ్లు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. కొత్త మోటారు కొనకముందు ఒక డయల్ గేజు, ఒక థర్మామీటరు కొనండి. మీ మిషనులో ఏది ముందు వేడెక్కుతుందో రాసుకోండి. దాన్ని సరిచేశాకే వేగం పెంచండి. అలా పెంచిన వేగం మే నెలలోనూ నిలుస్తుంది, ఆదోనిలో చెక్కిన అక్షరం ఎక్కడ చెక్కినదానికీ తీసిపోదు.